ఊపిరే ప్రాణం... ఊపిరే గండం!

ఊరేగింపుకి ముందు నడిచే ట్రంపెట్టు, యుఫోనియం, ట్రాంబోన్‌లను మనం మెరుపును బట్టి మెచ్చుకుంటాం. వాటి ఆయుష్షు మాత్రం కంటికి కనిపించని గొట్టం లోపల ఉంటుంది. ఆ లోపలిని చూసుకోవడం తెలిస్తే ఇత్తడి వాద్యం తాత నుంచి మనవడి దాకా పలుకుతుంది.

పెళ్లికొడుకు ఎదుర్కోలుకు బయల్దేరాడని ఊరందరికీ ముందుగా చెప్పేది బ్యాండు మేళమే. ఊరేగింపు వీధి మలుపు తిరగకముందే ట్రంపెట్టు పలుకు ఇళ్లలోకి వచ్చేస్తుంది. పిల్లలు వాకిట్లోకి పరుగెడతారు, పెద్దవాళ్లు అరుగుల మీదికొస్తారు. పెళ్లి ఒక్కటేనా! వినాయకుడి నిమజ్జనానికీ, చర్చి ఊరేగింపుకీ, పంద్రాగస్టు కవాతుకీ అదే ఇత్తడి గొంతు. చివరికి మనిషిని సాగనంపే దారిలోనూ అదే వెంట నడుస్తుంది. కులమతాలతో పని లేకుండా మన మంచికీ చెడుకీ ఇంతగా తోడొచ్చే వాద్యాలు తక్కువ.

ఇంత దగ్గరి వాద్యాన్ని ఎలా చూసుకోవాలో చెప్పే పుస్తకాలు తెలుగులో దాదాపు కనిపించవు. వాద్యం తళతళలాడుతుంటే బాగా చూసుకుంటున్నారనుకుంటాం, మసకబారితే పాడైపోయిందనుకుంటాం. నిజానికి పైన మసకబారిన వాద్యం ఏళ్ల తరబడి చక్కగా మోగవచ్చు. అద్దంలా మెరిసే వాద్యం లోపల పుచ్చిపోయి ఉండవచ్చు. ఇత్తడి వాద్యానికి ప్రాణం పోసేది వాయించేవాడి ఊపిరి. దాన్ని మెల్లగా తినేసేదీ ఆ ఊపిరితో వెళ్లే తేమే. పైన రుద్దే చేయి కన్నా లోపల శుభ్రం చేసే చేయే వాద్యాన్ని బతికిస్తుంది.

బెర్లిన్ నుంచి మీరట్ దాకా

ఇత్తడి వాద్యంలో నాదం పుట్టేది పెదవుల దగ్గర. మౌత్‌పీస్‌కి ఆనించిన పెదవులు ఊపిరి ఒత్తిడికి అదురుతాయి. ఆ అదురుకు గొట్టంలోని గాలి స్పందిస్తుంది. గొట్టం ఎంత పొడుగైతే స్వరం అంత కిందికి దిగుతుంది. మేళంలో వాడే మామూలు ట్రంపెట్టు గొట్టాన్ని చుట్టలు విప్పి సాగదీస్తే దాదాపు అయిదడుగులు ఉంటుంది. యుఫోనియంది దాదాపు 9 అడుగులు. పెద్ద బేస్ వాద్యంది 18 అడుగుల దాకా వెళ్తుంది.

ఒకప్పుడు ట్రంపెట్టు లాంటివాటికి మీటలే ఉండేవి కావు. ఒకే పొడవున్న గొట్టంలో పలికే కొద్ది స్వరాలతోనే వాయించేవారు. 1818లో హైన్‌రిష్ స్టోల్జెల్, ఫ్రీడ్రిష్ బ్లూమెల్ అనే ఇద్దరు వాద్యకారులు బెర్లిన్‌లో వాల్వుకి పేటెంటు పొందారు. 1839లో పారిస్‌లో ఫ్రాంస్వా పెరినె దాన్ని మెరుగుపరిచాడు. నేటి ట్రంపెట్లలోని పిస్టన్ వాల్వులకు ఆ నమూనాయే మూలం. వాల్వు నొక్కితే గాలి మరో చిన్న గొట్టంలోకి చుట్టి వస్తుంది, అంటే మొత్తం పొడవు పెరుగుతుంది. మధ్య వాల్వు ఒక స్వరస్థానం దించుతుంది, మొదటిది రెండు, మూడోది మూడు. ఈ మూడింటి కలయికతో పన్నెండు స్వరస్థానాలూ చేతికొచ్చాయి.

ఆ వాద్యాలు ఆంగ్లేయుల పటాలాలతో మన దేశానికి వచ్చాయి. ఇక్కడి రాజాస్థానాలూ బ్యాండ్లను పోషించాయి. 1885లో మీరట్‌లో నాదిర్ అలీ అండ్ కంపెనీ అనే బ్యాండు వాద్యాల సంస్థ మొదలైంది. ఆ నగరంలోని జలీ కోఠీ పేట దేశంలోని బ్యాండ్లకు వాద్యాలు సమకూర్చే కేంద్రంగా ఎదిగింది. అక్కడ చేసిన వాద్యాలు దేశం నలుమూలలా పెళ్లిళ్లలో మోగుతున్నాయి. ఇక్కడే అసలు చిక్కు. వాద్యం ఎక్కడో తయారవుతుంది, వాడేది మన ఊళ్లో. దానికి జబ్బు చేస్తే నాడి పట్టి చూసేవాడు దగ్గర్లో ఉండడు. అందుకే చిన్న చిన్న జాగ్రత్తలు వాద్యకారుడికే తెలిసి ఉండాలి.

లోపల జరిగేది ఇదీ...

వాద్యంలో చేరే నీళ్లన్నీ ఉమ్మేనని చాలామంది అనుకుంటారు. అందులో ఎక్కువ భాగం ఊపిరిలోని ఆవిరే. ఒంటి వేడితో, నిండు తేమతో బయటికొచ్చిన ఊపిరి చల్లని లోహానికి తగలగానే నీటి బొట్లుగా మారుతుంది. దానికి కొంత ఉమ్మి, నోట్లో మిగిలిన తిండి తునకలు, తాగిన కూల్‌డ్రింకులోని చక్కెర తోడవుతాయి. ఊరేగింపు మధ్యలో వేసుకున్న పాన్‌లోని సున్నం, కాచు కూడా అదే దారిన లోపలికి వెళ్తాయి. ఇదంతా కలిసి గొట్టం గోడలకు పొరలా పట్టేస్తుంది. ఆ పొర కింద తేమ ఆరదు. అక్కడే చిలుము పుడుతుంది.

ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. మామూలు పసుపు ఇత్తడిలో రాగి 70 పాళ్లు, జింకు 30 పాళ్లు. ఎడతెగని తేమ, ఆమ్లం, ఉప్పు తగిలితే ముందు కరిగిపోయేది జింకు. అది పోయాక గుల్లబారిన రాగి మిగులుతుంది. పైన చూస్తే గులాబీ రంగు చుక్క కనిపిస్తుంది. ఇలాంటి చుక్క పైనుంచి వచ్చిన మరక కాదు, లోపలి నుంచి తొలుచుకుంటూ బయటికొచ్చిన పుండు. ఎంత పాలిష్ చేసినా పోదు. కొన్నాళ్లకు అక్కడ సూది బెజ్జం పడుతుంది, గాలి కారుతుంది, స్వరం నిలవదు. ఇక ఆ గొట్టం మార్చాల్సిందే.

ఈ జబ్బు మొదట పట్టేది మౌత్‌పీస్ తర్వాత వచ్చే తొలి గొట్టానికి. తేమ, తిండి తునకలు ఎక్కువగా చేరేది అక్కడే. అందుకే కొన్ని వాద్యాల్లో ఆ ఒక్క గొట్టాన్నీ రాగి పాళ్లు ఎక్కువున్న ఇత్తడితో చేస్తారు. జింకు తక్కువ కాబట్టి అది తుప్పును బాగా తట్టుకుంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లో ఉప్పు గాలి కూడా తోడవుతుంది కాబట్టి అక్కడి వాద్యకారులు మరింత జాగ్రత్తగా ఉండాలి.

వాయించాక అయిదు నిమిషాలు

వాద్యం ఆయుష్షులో సగం పైగా ఈ అయిదు నిమిషాల్లోనే తేలిపోతుంది. ఊరేగింపు ముగియగానే వాద్యాన్ని అలాగే సంచిలో పడేసి వ్యాను ఎక్కేస్తే లోపలి తేమ తెల్లార్లూ పని చేస్తూనే ఉంటుంది.

ముందు నీటి మీట నొక్కి, నెమ్మదిగా ఊది నీళ్లన్నీ దించెయ్యాలి. వంపుల్లో మిగిలిన తడి కోసం, లాగితే ఊడివచ్చే గొట్టాలను, అంటే స్లైడులను తీసి విదిలించాలి. వాల్వు గొట్టానికి ఉన్న స్లైడును లాగేటప్పుడు ఆ వాల్వును నొక్కి పట్టుకోవాలి. లేకపోతే లోపల శూన్యం ఏర్పడి స్లైడు బిగదీస్తుంది, పిస్టన్‌కి ఒత్తిడి తగులుతుంది. తర్వాత మౌత్‌పీస్ తీసి మంచినీళ్లతో కడిగి తుడవాలి. చివరగా మెత్తని నూలు గుడ్డతో వాద్యమంతా, ముఖ్యంగా చేతులు తగిలిన చోట్ల తుడవాలి. చెమటలో ఉప్పు, ఆమ్లం రెండూ ఉంటాయి. వేళ్లు పట్టే చోటే పూత ముందుగా లేచిపోవడానికి కారణం అదే. పట్టు కోసం చుట్టే తోలు తొడుగు కూడా చెమటను పీల్చి లోహానికి అంటిపెడుతుంది కాబట్టి దాన్ని అప్పుడప్పుడూ విప్పి కింద తుడుస్తుండాలి.

వాయించే ముందు చేయాల్సింది ఇంతకన్నా సులువు. నోరు పుక్కిలించడం. మిఠాయి తిన్నా, కూల్‌డ్రింకు తాగినా, పాన్ నమిలినా ఒక గ్లాసు నీళ్లతో నోరు కడుక్కుని వాద్యం అందుకోవాలి. అన్నిటికన్నా చవకైన మరమ్మతు ఇదే.

మౌత్‌పీస్‌ను గొట్టంలో పెట్టి కొద్దిగా తిప్పితే చాలు, గట్టిగా నిలుస్తుంది. అరచేత్తో కొట్టి బిగించే అలవాటు మానాలి. అలా బిగిసిపోయినదాన్ని పట్టుకారుతో మెలితిప్పితే గొట్టమే మెలిపడుతుంది. దాన్ని తీయడానికి మౌత్‌పీస్ పుల్లర్ అని ప్రత్యేకమైన పనిముట్టు ఉంది. మేళానికి ఒకటి కొనుక్కుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

కొబ్బరినూనె ఎందుకు వద్దు?

పిస్టన్‌కీ, అది కదిలే గొట్టానికీ మధ్య సందు వెంట్రుక మందం కన్నా తక్కువ. ఆ సందును నింపి గాలి కారకుండా, పిస్టన్ జారేలా చూసేది పల్చని వాల్వు నూనె. చేతికందిందని కొబ్బరినూనో, వంటనూనో వేస్తే మొదట బాగానే కదిలినట్టుంటుంది. ఆ నూనెలు గాలి తగిలి కొన్నాళ్లకు జిగురవుతాయి, దుమ్ము పట్టుకుంటాయి. కొబ్బరినూనెతో మరో చిక్కు, అది దాదాపు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. మార్గశిర, పుష్య మాసాల్లో ఆదిలాబాద్‌లోనో, అరకులోనో తెల్లవారుజామున వాయించాల్సి వస్తే నొక్కిన వాల్వు పైకి లేవదు. పాటలో వేగంగా దొర్లాల్సిన గమకం అక్కడే ఆగిపోతుంది.

వాల్వులకు నూనె, స్లైడులకు గ్రీజు. ఈ రెండూ వేరు. వాయించే ప్రతి రోజూ వాల్వుకి నాలుగైదు చుక్కల నూనె చాలు. శ్రుతి సరిచేసుకునే పెద్ద స్లైడుకి చిక్కని గ్రీజు రాయాలి. వాయిస్తూనే జరిపే మూడో వాల్వు స్లైడుకి మాత్రం పల్చనిది కావాలి. నెలల తరబడి కదపని స్లైడు అక్కడే పట్టేస్తుంది కాబట్టి వాడినా వాడకపోయినా వారానికోసారి అన్నిటినీ లాగి చూడాలి.

పిస్టన్లను బయటికి తీసినప్పుడు వాటి మీద చెక్కిన 1, 2, 3 అంకెలు గమనించాలి. దేని చోటు దానిదే. దిశ కూడా సరిగ్గా ఉండాలి. లోపలి గాడిలో పిస్టన్ కుదురుకుని చిన్న చప్పుడు వస్తేనే అది చోటికి చేరినట్టు. ఊదితే గాలి అడ్డుపడినట్టుంటే, పిస్టన్ తిరగబడిందేమోనని మొదట చూడాలి. మూతల్లోని ఫెల్టు బిళ్లలు అరిగితే పిస్టన్ చేరాల్సిన ఎత్తు మారిపోయి లోపలి రంధ్రాలు కలవవు, నాదం బిగుసుకుపోతుంది. వాద్యం ముసలిదైందనుకుని పక్కన పెట్టేసేవాటిలో, రెండు ఫెల్టు బిళ్లలు మారిస్తే మళ్లీ పలికేవి ఉంటాయి.

నెలకోసారి తలంటు

బాగా పని ఉన్న రోజుల్లో నెలకోసారి, మిగతా కాలంలో రెండు మూడు నెలలకోసారి వాద్యానికి తలంటు పోయాలి. పెద్ద టబ్బు అడుగున పాత తువ్వాలు పరిస్తే వాద్యం గీసుకుపోదు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు కడిగే సబ్బు ద్రవం కొద్దిగా కలపాలి. నీళ్లు మరీ వేడిగా ఉంటే పైనున్న లాకరు పూత పొరలుగా లేస్తుంది.

పిస్టన్లు, మూతలు, స్లైడులు అన్నీ విప్పాలి. పిస్టన్లను విడిగా కడగాలి, వాటి ఫెల్టు బిళ్లలు తడవకూడదు. పొడవైన స్ప్రింగు తీగకు రెండు వైపులా కుచ్చు ఉండే బ్రష్షుతో గొట్టాల లోపల రుద్దాలి. తొలి గొట్టం దగ్గర ఎక్కువసేపు ఆగాలి. మొదటిసారి ఇలా కడిగినప్పుడు ఆకుపచ్చగా, నల్లగా వచ్చే నీళ్లు చూస్తే ఇన్నాళ్లూ దేని గుండా ఊదామో అర్థమవుతుంది. తర్వాత మంచినీళ్లు పారించి, నీడన పూర్తిగా ఆరనిచ్చి, నూనె, గ్రీజు పెట్టి బిగించాలి. స్లైడులు లాగడానికి బలం వాడాల్సి వస్తే అక్కడే ఆపి, పనివాడి చేతికి ఇవ్వడం మేలు.

ఈ శుభ్రత వాద్యం కోసమే కాదు, వాయించేవాడి ఊపిరితిత్తుల కోసం కూడా. 2010లో ‘చెస్ట్’ అనే వైద్య పత్రికలో అమెరికా వైద్యులు ఒక ట్రాంబోన్ వాద్యకారుడి గురించి రాశారు. 35 ఏళ్ల ఆ వ్యక్తికి పదిహేనేళ్లుగా దగ్గు తగ్గలేదు. వాద్యం లోపల పరీక్షిస్తే సూక్ష్మక్రిములు, బూజు బయటపడ్డాయి. వాద్యాన్ని క్రమం తప్పకుండా శుభ్రం చేయడం మొదలుపెట్టాక దగ్గు పోయింది. 2016లో ‘థొరాక్స్’ పత్రిక ప్రచురించిన మరో ఉదంతం విషాదాంతం. రోజూ బ్యాగ్‌పైప్ ఊదే 61 ఏళ్ల బ్రిటన్ వాసి ఊపిరితిత్తుల జబ్బుతో 2014లో మరణించాడు. ఆయన వాద్యంలో రకరకాల బూజులు కనిపించాయి. అది ఇత్తడి వాద్యం కాకపోయినా, ఆ హెచ్చరిక ఊదే వాద్యాలన్నిటికీ వర్తిస్తుంది. మేళంలో ఎవరి మౌత్‌పీస్ వారికే ఉండాలన్న నియమం కూడా ఇక్కడి నుంచే రావాలి.

చింతపండు బిందెకే

ఇత్తడి అనగానే మన చేయి చింతపండు వైపు వెళ్తుంది. పూజ సామాను, బిందెలు, చెంబులు తోమడానికి అంతకు మించింది లేదు. దానిలోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. బిందె మందంగా ఉంటుంది, తోమాక కడిగేస్తాం, మళ్లీ తోముతాం. వాద్యం సంగతి వేరు. దాని రేకు పల్చన. సందుల్లో, అతుకుల్లో చేరిన ఆమ్లం కడిగినా పూర్తిగా పోదు. పైగా చాలా వాద్యాలకు లాకరు పూతో, వెండి మలామో ఉంటుంది. గరుకు పొడితో రుద్దితే ఆ పూతే పోతుంది. పూత పోయిన చోట ఇత్తడి త్వరగా నల్లబడుతుంది, మళ్లీ రుద్దుతాం. అలా రేకు పల్చబడుతూ పోతుంది.

లాకరు ఉన్న వాద్యానికి తడి గుడ్డ, ఆ తర్వాత పొడి గుడ్డ చాలు. వెండి మలాము ఉన్నది గాలిలోని గంధకం వల్ల నల్లబడుతుంది. దానికి వెండి తుడిచే ప్రత్యేకమైన గుడ్డ వాడాలి, అదీ ఎప్పుడో ఒకసారి. రబ్బరు బ్యాండ్లలో గంధకం ఉంటుంది కాబట్టి వాటిని వెండి వాద్యానికి చుట్టకూడదు. ఏ పూతా లేని ఇత్తడిని మాత్రమే లోహపు పాలిష్‌తో, పండగకో పబ్బానికో తుడుచుకోవచ్చు.

వానాకాలపు పగుళ్లు

ఆంగ్లేయుల కాలంలో మన దేశంలోని సైనిక స్థావరాల్లో ఓ వింత జరిగేది. వానాకాలం వచ్చేసరికి గుర్రపుశాలల్లో భద్రపరిచిన తుపాకీ తూటాల ఇత్తడి తొడుగులు వాటంతటవే పగిలేవి. వానల్లో కనిపించేది కాబట్టి దానికి రుతువు పేరే పెట్టారు. అసలు కారణం 1921లో తేలింది. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమోనియా, గాలిలోని తేమ కలిసి, తయారీలో సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడిని ఆసరా చేసుకుని రేకును చీల్చేవి.

ట్రంపెట్టు గొట్టం కూడా సాగదీసి, వంచి చేసినదే. అందుకే పశువుల కొట్టం పక్క గదిలోనో, మరుగుదొడ్డి గోడకు ఆనించో వాద్యాలు పెట్టకూడదు. కొన్ని పాలిష్ ద్రవాల్లోనూ అమోనియా ఉంటుంది కాబట్టి వాడాక ఆనవాలు లేకుండా తుడిచెయ్యాలి. వానాకాలంలో వాద్యం పెట్టెలో తడి గుడ్డ వదిలెయ్యకూడదు. పెట్టెను కూడా అప్పుడప్పుడూ ఎండలో ఆరబెట్టాలి.

సొట్ట పడితే...

రద్దీ ఊరేగింపుల్లో వాద్యాలకు సొట్టలు తప్పవు. అన్ని సొట్టలూ ఒకటి కావు. వాద్యం వెడల్పాటి నోరైన బెల్లు అంచున పడినది చూడ్డానికి బాగుండదు గానీ స్వరాన్ని అంతగా చెడగొట్టదు. మౌత్‌పీస్‌కి దగ్గర్లోని సన్నని గొట్టంలో పడిన చిన్న నొక్కు శ్రుతినే మార్చేయగలదు. వాల్వు పెట్టె మీద పడిన దెబ్బ పిస్టన్‌ను కదలనివ్వదు. అలాంటప్పుడు ఇసుక కాగితంతో పిస్టన్‌ను అరగదీస్తే గాలి కారుతుంది, ఆ నష్టం తీరేది కాదు.

పనితెలిసినవాడు సొట్టను సుత్తితో కొట్టడు. గొట్టం కొలతకు సరిపోయే ఉక్కు గుండును లోపలికి పంపి, లోపలి నుంచి మెల్లగా నెట్టి, పైన నున్నని ఉక్కు పనిముట్టుతో సవరిస్తాడు. వాద్యంలోని అతుకులు ఎక్కువగా మెత్తని టంకంతో వేసినవే, ఎప్పుడైనా విప్పి మళ్లీ అతకడానికి వీలుగా. తగరం, సీసం కలిపిన మామూలు టంకం దాదాపు 183 డిగ్రీల వేడికే కరుగుతుంది. బిందెలకు మాట్లు వేసే మంటను ఇక్కడ పెడితే పక్క అతుకులన్నీ ఊడిపోతాయి, పూత కాలిపోతుంది. చేయి ఒకటే అయినా లెక్క వేరు.

ఆషాఢం పని

ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లి ముహూర్తాలుండవు. హైదరాబాద్‌లో బోనాల సందడి ఉన్నా, మిగతా చోట్ల మేళాలకు ఇది ఖాళీ కాలం. ఆదాయం లేని రోజులని బాధపడే ఈ సమయమే వాద్యాలకు అసలైన సమయం. అన్నిటినీ విప్పి కడగడం, ఫెల్టు బిళ్లలు, నీటి మీటల కింది కార్కులు, స్ప్రింగులు మార్చడం, గులాబీ చుక్కల కోసం వెతకడం, సొట్టలు తీయించడం ఇప్పుడే జరగాలి. సీజన్లో వచ్చే ప్రతి కిరాయి నుంచి కొంత వాద్యాల పేరుతో విడిగా దాచే మేళానికి ఈ ఖర్చు భారమనిపించదు.

మేళాల వల్ల మాత్రమే అయ్యే పని కాదిది. ఇత్తడి పని మన గడ్డకు కొత్తదేమీ కాదు. జనగామ జిల్లా పెంబర్తిలో, శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఆ లోహం గుణం ఎరిగిన చేతులు ఉన్నాయి. ఆ చేతులకు వాద్యాల మరమ్మతు కూడా నేర్పితే వారికి కొత్త బతుకుతెరువు, మేళాలకు పెద్ద అండ. మన ఐటీఐలలో, సంగీత కళాశాలల్లో దీనికి ఒక చిన్న కోర్సు పెట్టడం ప్రభుత్వాలకు పెద్ద ఖర్చు కాదు. పోలీసు బ్యాండ్లకూ ఆ నైపుణ్యం అవసరమే.

మేళం పిలిపించుకునే మనకూ బాధ్యత ఉంది. ఎండలో గంటల తరబడి ఊదే మనిషికి మధ్యలో మంచినీళ్లు ఇవ్వాలి. నోరు కడుక్కునే వీలు, ఊరేగింపు ముగిశాక వాద్యం తుడుచుకునే అయిదు నిమిషాలు కల్పించాలి. బేరమాడి తగ్గించిన ప్రతి రూపాయీ వాల్వు నూనె దగ్గరో, మార్చాల్సిన గొట్టం దగ్గరో కోత పెడుతుందని గుర్తుంచుకోవాలి. ఇత్తడి వాద్యం తనంతట తాను చావదు, పట్టించుకోకపోతేనే పోతుంది. ఈ ఆషాఢంలో పని మొదలుపెడితే శ్రావణ ముహూర్తాలకల్లా ఆ తేడా ప్రతి వీధికీ వినిపిస్తుంది.